దీపు వాళ్ళక్క వేసిన తాళం

కృష్ణకుమారి తన తమ్ముడి వీడియోను పరాయివాళ్ళ ఫోనులో చూసింది ఢిల్లీ సాకేత్‌లోని తన ఆఫీసు క్యాంటీన్‌లో. పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళు ఒకే ఫోను మీదికి వంగి నవ్వుతున్నారు. "అరే, యే దేఖ్, భూత్ చఢ్ గయా ఇస్‌కో" అంటున్నాడు ఒకడు. పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనకనుంచి వెళ్తూ ఆమె ఊరికే తెరవైపు చూసింది. మొదట కనబడింది తమ ఇంటి సోఫా. దానిమీద అమ్మ కుట్టిన పచ్చగళ్ళ కవరు. సోఫా పక్కన నేలమీద, చేతులు బిగుసుకుపోయి కొట్టుకుంటున్నవాడు దీపు. దయ్యం పట్టిన మనిషి, గుండెధైర్యం ఉన్నవాళ్ళే చూడండి అని ఎవరో దానికింద హిందీలో రాశారు.

ఆమె ముద్ద ముట్టని పళ్ళెం తీసుకెళ్ళి సింకు దగ్గర పెట్టింది. చేతులు కడుక్కుని సీట్లోకి వెళ్ళి కూర్చుంది. సాయంత్రం మెట్రోలో చోటు దొరికినా కూర్చోలేదు. మయూర్ విహార్ దాకా తలుపు పక్కన నిలబడే వచ్చింది.

ఆ వీడియో తీసింది ఆమే. "ఫిట్స్ ఎలా వస్తున్నాయో నోటితో చెబితే నాకు తెలీదు, ఫోనులో తీసి చూపించండి" అని ఆస్పత్రిలో డాక్టరు అడిగితే తీసింది. అలాంటి రోగులున్న ఇళ్ళవాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్న ఫోను గ్రూపు ఒకటి ఉండేది. అందులో ఒక తల్లి "మా వాడికీ ఇలాగేనా, ఒక్కసారి చూస్తానక్కా" అని బతిమాలితే అక్కడా పెట్టింది. ఆ గ్రూపు నుంచి ఎవరు ఎవరికి పంపారో, ఎక్కడ జారిపోయిందో ఎప్పటికీ తెలియలేదు.

దీపుకి పొత్తిళ్ళలోనే మూర్ఛ మొదలైంది. మందులకు లొంగని అరుదైన రకం. కాకినాడ నుంచి కేంద్రప్రభుత్వ ఉద్యోగం మీద వచ్చిన తండ్రి మయూర్ విహార్‌లో ఫ్లాటు సంపాదించాడు. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రులు తిరిగాడు. ఆయన ముందు పోయాడు, తర్వాత తల్లి పోయింది. అప్పటికి కృష్ణకుమారికి ముప్పై దాటాయి. ఆమె పెళ్ళిమాట ఎత్తడం చుట్టాలు అంతకుముందే మానేశారు. ఆమె ఒక కంపెనీలో కంప్యూటర్ నెట్‌వర్కులు చూసుకునేది. పగలు దీపు దగ్గర ఉండడానికి జీతానికి ఒక దీదీ వచ్చేది. మిగిలినదంతా ఆమే.

దీపుకి మాటలు తక్కువ. కానీ మెట్రోలో వినిపించే ప్రకటనలన్నీ నోటికి వచ్చు. ఆదివారం సాయంత్రాలు ఆమె అతన్ని రైలెక్కించి రెండు స్టేషన్లు తిప్పి తీసుకొచ్చేది. తలుపు తెరుచుకోబోయే ముందు "దర్వాజే బాయీఁ తరఫ్ ఖులేంగే" అని గట్టిగా చెప్పి, తాను చెప్పిన వైపే తలుపు తెరుచుకుంటే చప్పట్లు కొట్టేవాడు. పెట్టెలో జనం తిరిగి చూసేవాళ్ళు. ఆమె ఎవరి మొహమూ చూసేది కాదు.

క్యాంటీన్‌లో చూసిన ఆ వీడియోను వెనక్కి లాక్కోవడం ఎవరివల్లా కాదని నెట్‌వర్కుల ఉద్యోగం చేసే ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకసారి పదిమంది ఫోన్లలోకి వెళ్ళినదానికి తిరుగుదారి ఉండదు. అలాగని వీడియోలు తీయడం మానేస్తే ఆ ఇళ్ళకు గడవదు. ఈ జబ్బు చూసిన డాక్టర్లే తక్కువ. కన్ను ఏ పక్కకు తిరిగితే ఏ రకం ఫిట్స్, ఎంతసేపటికి ఆస్పత్రికి పరిగెత్తాలి, పడుకోబెట్టేటప్పుడు తల ఎటు ఉండాలి, ఇవన్నీ ఒక ఇల్లు ఇంకో ఇంటిని చూసి నేర్చుకోవలసిందే.

అందుకని ఆమె మరో దారి ఆలోచించింది. ఏ కంపెనీ సర్వరులోనూ ఏదీ పెట్టరు. ప్రతి ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. ఒకరింట్లో పెట్టిన ఫైలు మిగిలిన ఇళ్ళకు నేరుగా చేరుతుంది. ఘజియాబాద్‌లో కరెంటు పోతే గుడ్‌గావ్ ఇంటినుంచి వస్తుంది. పీర్ టు పీర్ అంటారు దాన్ని. కొత్త సినిమాలు దొంగతనంగా దించుకునేవాళ్ళదీ ఆ పద్ధతే. ఆమె దానికి తాళం వేసింది. ఏ ఫైలైనా తాళం పడ్డాకనే ఇల్లు దాటుతుంది. తాళం పడిన పెట్టెను ఎవరైనా మోయొచ్చు, దాచొచ్చు, పక్కవాళ్ళకి అందించొచ్చు. తెరిచి చూడాలంటే మాత్రం తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి ఎవరికివ్వాలో ఆమె చూసేది.

మొదట చేరినవాడు నథానియేలు. ఒంగోలు నుంచి వచ్చి గుడ్‌గావ్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తున్నాడు. అతని కూతురు ఆరాధనదీ అదే జబ్బు. అతనూ ఆమే కూర్చుని కట్టుబాట్లు రాశారు. ఇంట్లో రోగి ఉన్నవాళ్ళకే తాళంచెవి. బంధువులకు లేదు, పేపర్లవాళ్ళకు లేదు, జాలిపడేవాళ్ళకు అసలే లేదు. ఇంట్లో రోగి లేని రోజున తాళంచెవీ ఉండదు. ఈ చివరి మాటకు అర్థమేమిటో చేరిన ప్రతి ఇంటికీ తెలుసు. ఎవరూ దాన్ని పైకి చదవలేదు, ఎవరూ కాదనలేదు.

కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే ఆమె స్వయంగా వాళ్ళింటికి వెళ్ళేది. పిల్ల పక్కన కూర్చునేది, మందుల సీసాలు చూసేది, ఇంట్లో ఎవరెవరి చేతుల్లో ఫోన్లున్నాయో కనిపెట్టేది. తాళంచెవి ఇచ్చేముందు ఒకటే చెప్పేది: "నేను ఇవ్వడం ఆపగలను. ఇచ్చింది వెనక్కి తీసుకోలేను. మీరు ఒకసారి తెరిచి చూసింది మీ దగ్గర ఉండిపోతుంది. అందుకే ఇంత దూరం వచ్చి చూస్తున్నాను."

అలా ఇళ్ళు పెరిగాయి. ఆమెకు ఫోను చేసేవాళ్ళంతా ఆ ఇళ్ళవాళ్ళే. ఆమె పేరు చాలామందికి తెలియదు. దీపు వాళ్ళక్క అనేవాళ్ళు. ఈ జబ్బుతో పుట్టినవాళ్ళు పదిహేనేళ్ళు దాటడమే గొప్ప అని డాక్టర్లు చెప్పి పంపిస్తే, ఆ తల్లులు ముందుగా చూసేవి దీపు వీడియోలు. దీపుకి గడ్డం ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ గడ్డం చూసి ఏడ్చిన తల్లులున్నారు.

నోయిడాలో ఉండే భవ్యశ్రీ అలా వచ్చింది. కరీంనగర్ పిల్ల, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. కొడుకు విష్ణుకి నాలుగేళ్ళు. కృష్ణకుమారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పిల్లవాడు ఆమె ఒళ్ళో ఎక్కి కూర్చుని ఆమె గాజులు లెక్కపెడుతూ హిందీలో ఏదో చెప్పాడు. ఎదురుగా కూర్చున్న భవ్యశ్రీ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"డాక్టర్ పదేండ్లు గూడ కష్టమే అన్నడక్కా. మీ తమ్మునికి ముప్పై ఎనిమిది అంట గద, నిజమేనా?"

"నిజమేనమ్మా. పొద్దున్నే గడ్డం గీస్తానంటే నా చెయ్యి కొరికాడు. చూడు."

భవ్యశ్రీ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని పళ్ళ గాటు చూసింది. నవ్వింది. వారం తిరక్కుండా ఆమెకు తాళంచెవి అందింది.

ఆ చలికాలంలో దీపు పోయాడు. ఫిట్స్ వల్ల కాదు. దీపావళి తర్వాత ఢిల్లీని పొగ కమ్మేసినప్పుడు దగ్గు పట్టుకుంది, అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రిలో వారం ఉన్నాడు. దహనానికి యమున ఒడ్డుకు వచ్చినవాళ్ళు కింది అంతస్తు సర్దార్‌జీ, ఆఫీసు నుంచి ఇద్దరు, ఇన్నాళ్ళూ పగలు చూసుకున్న దీదీ. ఆడవాళ్ళు దూరంగా ఉండాలని పంతులు గొణిగాడు. కృష్ణకుమారి వినిపించుకోకుండా తానే నిప్పు పెట్టింది.

తాళంచెవులున్న ఇళ్ళవాళ్ళ గుంపులో చెప్పాలి. రేపు చెబుదామనుకుంది. మర్నాడు గది సర్దుతుంటే భవ్యశ్రీ ఫోను చేసింది. విష్ణుకి జ్వరం, జ్వరంతోపాటు మూడుసార్లు ఫిట్స్. ఏం చేయాలో కృష్ణకుమారి ఒక్కొక్కటే చెప్పింది. అంతా అయ్యాక భవ్యశ్రీ అడిగింది: "దీపన్న ఎట్లున్నడక్కా?"

"బాగున్నాడమ్మా. తిని పడుకున్నాడు."

నోట్లోంచి మాట వచ్చేసింది. ఆ వేళ ఆ పిల్లకు వేరే మాట చెప్పకూడదనుకుంది. తర్వాత ఇంకొకరు అడిగారు, ఇంకో రోజు. అదే జవాబు వచ్చింది. నథానియేలు అడిగినా అదే. అబద్ధమని తెలిసీ, ఆ మాట అన్న కాసేపు ఇల్లు కొంచెం తేలికగా ఉండేది. దీదీ రావడం మానేసింది. ఆఫీసు, మెట్రో, ఇల్లు. ఆదివారం స్టేషను వైపు వెళ్ళేది కాదు.

సాయంత్రాలు ఆమె కంప్యూటరు ముందు కూర్చునేది. కొత్తగా వచ్చిన వీడియోలు తెరిచేది. ఇంతకుముందు తెరిస్తే ఒక పని ఉండేది: ఈ పిల్లకు మందు మార్చాక తేడా ఉందా, దీపుకీ ఇలా చేస్తే మేలా అని చూసేది. ఇప్పుడు ఒక రోజు విష్ణు వీడియో చూస్తోంది. ఫిట్స్ ఆగిపోయాక భవ్యశ్రీ వాణ్ణి భుజాన వేసుకుని వీపు రాస్తోంది. వెనక టీవీలో ఏదో కార్టూను. వాళ్ళాయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. అది మూడోసారి చూస్తున్నానని కృష్ణకుమారికి అప్పుడు తోచింది. ఎందుకు చూస్తున్నానని తనను తానే అడిగింది. జవాబు తేలిగ్గానే దొరికింది. ఆమెకు తొంగిచూడడానికి ఇంకో ఇల్లు లేదు.

ఆమె వెంటనే తెరమీది ఆ కిటికీ మూసేసింది. ఆ క్యాంటీన్ కుర్రాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళు నవ్వారు, తాను నవ్వడం లేదు. కానీ ఆ పిల్లవాడి నొప్పితో తనకు ఇప్పుడు ఏ పనీ లేదు. అంతమాత్రం ఆమె ఒప్పుకోక తప్పలేదు.

ఒప్పుకున్నా నోరు తెరవలేదు. భవ్యశ్రీ దీపును చూడాలని, విష్ణును తీసుకొస్తానని రెండుమూడుసార్లు అడిగింది. దీపుకి జలుబంది. కొత్తవాళ్ళను చూస్తే బెదురుతాడంది. హోలీ వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం పొద్దున బెల్లు మోగితే తలుపు తీసింది. ఎదురుగా భవ్యశ్రీ, చంకలో విష్ణు, ఇంకో చేతిలో మిఠాయి డబ్బా.

"అడిగితే మీరు వద్దంటరని చెప్పకుండ వచ్చినమక్కా. ఐదు నిమిషాలే కూసుంటం. దూరంకెల్లే చూస్తం."

కృష్ణకుమారి తలుపు పట్టుకునే నిలబడింది. ఆమె భుజం మీదుగా భవ్యశ్రీకి లోపలి గోడ కనిపించింది. అమ్మ ఫొటో, నాన్న ఫొటో, వాటి పక్కన కొత్తగా దీపు ఫొటో. మూడింటికీ గంధపు పూసల దండలు.

విష్ణు అడిగాడు: "మమ్మా, దీపు భయ్యా కహాఁ హై?"

"ఎప్పుడక్కా?" అంది భవ్యశ్రీ.

"దీపావళి తర్వాత."

"విష్ణుకు జ్వరమొచ్చిన దినం ఫోన్ చేసిన గద. తిని పండుకున్నడన్నరు."

"అప్పటికే."

"లోపలికి రామ్మా" అని కృష్ణకుమారి పక్కకు తప్పుకుంది. భవ్యశ్రీ రాలేదు. కళ్ళనీళ్ళు లేవు గాని మొహం తెల్లగా పాలిపోయింది. "ఈ నాలుగు నెలలు నేను ఆయన పేరు చెప్పుకొనే పండుకుంటున్నక్కా. నిద్ర పట్టకపోతే ఆయన వీడియో పెట్టుకొని చూస్తున్న. మీరు అట్ల చెప్పకుంటే అయిపోతుండె గద. నాకు తెలుస్తదని భయమా, మీకే భయమా?"

భవ్యశ్రీ వంగి మిఠాయి డబ్బా గడప పక్కన పెట్టి, పిల్లవాణ్ణి ఇంకో చంకకు మార్చుకుని మెట్లు దిగిపోయింది. కింద ఆటో కదిలిన చప్పుడు వినిపించేదాకా కృష్ణకుమారి అక్కడే నిలబడింది.

ఆ రోజే ఆమె తాళంచెవి ఉన్నవాళ్ళలోంచి తన పేరు తీసేయాలని నిశ్చయించుకుంది. అయితే దానికి ముందు ఒక చోటికి వెళ్ళాలనిపించింది. రోగి లేని ఇంటికి తాళంచెవి లేదన్న ఆ చివరి కట్టుబాటు ప్రకారం ఆమె ఇంతవరకు ఒకే ఒక్కరి తాళంచెవి ఆపింది. ఆయన వసంత్ కుంజ్‌లో ఉండే రాధాకృష్ణమూర్తిగారు. రిటైరైన సెక్షన్ ఆఫీసరు, భార్య లేదు. కూతురి ఉద్యోగం ఊళ్ళు తిరిగేది కాబట్టి జబ్బుతో ఉన్న మనవరాలు చైతు ఆయన చేతుల్లోనే పెరిగింది. ఆ పిల్ల చనిపోయిన నెలలోనే కృష్ణకుమారి ఫోను చేసి, చెప్పవలసిన మాట మర్యాదగా చెప్పి, తాళం మార్చి మిగిలిన ఇళ్ళన్నిటికీ కొత్త తాళంచెవి పంపింది. "సరేనమ్మా" అన్నారాయన అప్పుడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఐదేళ్ళయింది.

మెట్రో దిగి ఆటోలో వెళ్ళింది. తలుపు తీసిన ఆయన ఆమెను ఒక క్షణం పోల్చుకోలేదు. పోల్చుకున్నాక "రామ్మా, చెప్పులు లోపలే విప్పు, బయట కోతులు ఎత్తుకుపోతాయి" అన్నారు.

ముందుగదిలో కుర్చీలో కూర్చుంటుండగా చిన్న ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. గోడవార స్టూలు మీద పాత కంప్యూటరు. దానిమీద దుమ్ము పడకుండా పలచని తువ్వాలు కప్పి ఉంది. ముందువైపు పచ్చలైటు మినుకుమంటోంది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. ఆ పెట్టె తెచ్చి బిగించింది ఆమే.

"ఇది ఇంకా నడుస్తోందా మూర్తిగారూ?"

"పీకేయమని నువ్వు చెప్పలేదుగా. నా తాళంచెవి ఆపావు. మిషను ఆపమనలేదు."

"మీకు ఇందులో ఏదీ తెరుచుకోదు కదండీ."

"తెరుచుకోదు. అన్నీ పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. కాని ఎవరికో ఏదో కావాలన్నప్పుడు ఆ లైటు గబగబా కొట్టుకుంటుంది. నా దగ్గర్నుంచి వెళ్తోందని తెలుస్తుంది. నాకు చాలు." ఆయన తల అడ్డంగా ఊపారు. "చాలదనుకో. ఏం చాలుతుంది? కాని ఉన్నదదే."

"ఆ రోజు నామీద కోపం వచ్చిందా?"

"వచ్చింది. చైతు మంచంమీది దుప్పటి కూడా ఇంకా తీయలేదు, నువ్వు ఫోను చేశావు. ఓ నెల ఆగుంటే నీ సొమ్మేం పోయేది? అదొక్కటే. తాళం మార్చడం తప్పనను." ఆయన ఆమె మొహంలోకి చూశారు. "ఇప్పుడెందుకొచ్చావు?"

"దీపు పోయాడండీ."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. చాలాసేపటికి రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చారు. ఒక గ్లాసులో పంచదార వేయడం మరిచిపోయి, తాగిచూసి, అది తాను ఉంచుకుని రెండోది ఆమెకిచ్చారు. ఆమె అంతా చెప్పింది, అబద్ధాలతో సహా.

"ఆ కట్టుబాటు రాసింది నువ్వేగా. మార్చుకో. ఎవరు కాదంటారు?" అన్నారాయన.

"ఎవరూ కాదనరు. అదేనండీ భయం. పిల్లకి స్నానం చేయిస్తుంటే వచ్చిన ఫిట్స్ కూడా తీసి పెడతారు వాళ్ళు. ఒంటిమీద బట్ట లేని పిల్లని. చూసేవాళ్ళింట్లో కూడా అలాంటి పిల్ల ఉంది, అందుకని సిగ్గుపడక్కర్లేదు అనుకుని పెడతారు. నాకిప్పుడు ఎవరున్నారని చూడ్డానికి? మీకు ఆపి, నాకు ఉంచుకోనా?"

ఆమె వెళ్ళేటప్పుడు ఆయన మెట్ల దాకా వచ్చి, "అన్నం వండుకుంటున్నావా?" అని మాత్రం అడిగారు.

వచ్చిన శనివారం, ఆమె తాళాల పని అప్పజెప్తానంటే, నథానియేలు మయూర్ విహార్ వచ్చాడు. అంతకు ముందు రోజే ఆమె గుంపులో అందరికీ రాసింది: దీపు పోయాడు, దీపావళి తర్వాత పోయాడు, ఇన్నాళ్ళూ దాచాను, క్షమించండి. జవాబులు వరసగా వచ్చాయి. ఏడ్చినవాళ్ళున్నారు, దండాలు పెట్టినవాళ్ళున్నారు. ఒక తండ్రి "మాతో అబద్ధమాడాల్సిన అవసరం ఏమొచ్చింది" అని నిలదీశాడు. భవ్యశ్రీ ఒక్క మాటా రాయలేదు.

నథానియేలు కుర్చీలో కూర్చున్నాడు గాని కీబోర్డు ముట్టుకోలేదు. "నాకైనా చెప్పలేదే అక్కా. నేను రాకపోదునా? సరే, అయిందేదో అయింది. ఇప్పుడీ తాళాలన్నీ నా నెత్తిన పెట్టి నువ్వెట్టా పోతావు? నువ్వు లేకుండా ఎట్టా?"

"నేనెక్కడికీ పోను. ఏదైనా పాడైతే ఫోను చెయ్యి, బాగుచేయడం ఎలాగో చెప్తాను. లోపల ఏముందో మాత్రం నాకు చెప్పకు."

"దీపు వీడియోలు తీసేద్దామా?"

ఆమె ఆలోచించింది. "వద్దు. ఉండనీ. ఎన్నేళ్ళు బతికాడో దాంతోపాటు రాసిపెట్టు. ఆ ఏళ్ళు ఇంక పెరగవని కూడా రాయి."

అతను కొత్త తాళంచెవి తయారుచేయాలి. దానికి ఒక రహస్యవాక్యం కావాలి. అతను వేళ్ళు కీబోర్డుమీద పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె లేచి బాల్కనీలోకి వెళ్ళింది. రోడ్డుకు వీపు పెట్టలేదు, గదికి పెట్టింది. కింద పార్కులో ఆడవాళ్ళు నడుస్తున్నారు. వెనక మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆమె తనకు తెలియకుండానే ఆ చప్పుడులో అక్షరాలు లెక్కబెట్టబోయి, అది గ్రహించి, కొంగు చెవుల మీదికి లాక్కుంది.

"అయిందక్కా" అన్నాడు నథానియేలు.

వచ్చి చూసింది. నిన్నటిదాకా పిల్లల పేర్లు, తేదీలు కనిపించిన చోట అర్థంలేని అంకెలూ అక్షరాలూ బారులు తీరి ఉన్నాయి. కొత్త తాళం పాతవాటికీ వేయమని ఆమే చెప్పింది. తన దగ్గర అంతకుముందు తెరిచినవి ఉంటే అతని ఎదుటే చెరిపేసింది. తన ఫోనులో ఉన్న తమ్ముడి వీడియోలే మిగిలాయి.

"మిషను తీసుకుపోమంటావా?" అడిగాడతను.

"అది ఉండనీ. మోస్తూ ఉంటుంది. వసంత్ కుంజ్‌లో ఇంకొకటి మోస్తోందని నీకు తెలుసా?"

అతనికి తెలియదు. మూర్తిగారి సంగతి చెబితే విని, కాసేపు అక్కడే కూర్చుని, ఆరాధనకు మందువేళ అయిందని లేచాడు.

తర్వాత ఆమె రోజులు పెద్దగా మారలేదు, ఫోను మాత్రం మోగడం తగ్గింది. మొదట్లో వారం వారం చేసిన తల్లులు నెలకోసారి చేశారు, ఆపైన పండగలకు చేశారు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలకు ఆధారం ఆ వీడియోలు. అవి చూడని మనిషితో ఏం మాట్లాడతారు? ఎండాకాలంలో కరెంటు కోతలు వచ్చినప్పుడు మాత్రం మూర్తిగారు ఫోను చేసేవారు. "మాకు పోయింది. నీకు ఉందా?" అనేవారు. "ఉందండీ" అంటే, "అయితే ఫరవాలేదు, పిల్లలకు నీ దగ్గర్నుంచి అందుతాయి" అని పెట్టేసేవారు. ఒక్కోసారి ఇద్దరికీ పోయేది. అప్పుడు కాసేపు ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు, కోతుల గురించి, మోకాళ్ళ గురించి.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం భవ్యశ్రీ ఫోను చేసింది. పలకరింపు లేదు.

"అక్కా, దీపన్నకు ఆ చేదు మాత్ర పొడి చేసి ఎందుల కలిపేటోళ్ళు? విష్ణు పెరుగుల కలిపితే నోట్ల ఉంచుకుంటలేడు."

"పెరుగులో వద్దమ్మా. అరటిపండు మెత్తగా చేసి అందులో పెట్టు. పైన చిటికెడు పంచదార. తినగానే నీళ్ళు ఇవ్వకు, నోట్లో చేదు తెలుస్తుంది. దీపుకీ అలాగే ఇచ్చేదాన్ని."

"సరే." అవతల కుక్కరు కూత వినిపించింది. భవ్యశ్రీ ఫోను పెట్టేయలేదు. "నాకు కోపమైతే ఇంక పోలేదక్కా."

"ఉండనీ. నువ్వు నాతో దాచలేదు, అది చాలు."

విష్ణు గురించి అడగాలని ఉంది. అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు. ఇదివరకైతే అడగనక్కర్లేదు, తెరిచి చూసేది. నడకలో తూలుడు ఎంత ఉంది, కన్ను ఎటు తిరుగుతోంది, తల్లి మొహంలో ఏముంది, అన్నీ చూసేది.

"బాబు ఎలా ఉన్నాడు?" అని అడిగేసింది చివరికి.

"మంచిగనే ఉన్నడక్కా. తిని పండుకున్నడు."

ఒకప్పుడు తాను చెప్పిన ఆ మాటే, ఇప్పుడు నిజమో కాదో తెలుసుకునే దారి కృష్ణకుమారికి ఇప్పుడు లేదు. "సరేనమ్మా, దుప్పటి కప్పు. వాన చల్లగా ఉంది" అంది.